నలభై యూనిట్లు

మూడో అంతస్తు మీటరు మీద దుమ్మును చొక్కా కొసతో తుడిచి, అంకెలు రాసుకుని మీటర్లాయన కిందికి దిగాడు. పందొమ్మిదేళ్లుగా ఆ హోటల్లో ఆయన పని అదే. ఏ గది ఎంత కరెంటు తాగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన పేరే ఎవరికీ గుర్తుండదు.

కరెంటు పొదుపులో హోటలుకు మొదటి శ్రేణి ఇవ్వాలా వద్దా అని ఆ వారమంతా ప్రభుత్వం వాళ్ల కొలతలు. ఎక్కడ తగ్గించవచ్చని మేనేజరు అడిగితే, నేలమాళిగలో గాలి బయటికి తోసే పాత ఫ్యాను రోజుకు నలభై యూనిట్లు మింగుతోందని చెప్పింది ఈయనే. కొత్తది వేస్తారనుకున్నాడు. మేనేజరు ఉన్నదాన్ని ఆపించి, స్విచ్చు పెట్టెకు తాళం వేయించి నాలుగు రోజులైంది.

ఆ నేలమాళిగలోనే ఆయన వదిన ఇస్త్రీ చేస్తుంది. అన్న పోయాక ఆ పనిలో పెట్టించిందీ ఈయనే. తలుపు తీయగానే ఆవిరి మొహాన కొట్టింది. వదిన మెడంతా చెమటకాయలు. దిండు గలీబులు మడతపెడుతూనే నవ్వింది.

"నీ మీటరుకి చెమట పట్టదుగా, మరిదీ."

ఇంటికి పొమ్మన్నాడు. పోతే రేపు ఈ బల్ల దగ్గర ఇంకొకరుంటారంది.

గోడ మీద థర్మామీటరు నలభై నాలుగు చూపిస్తోంది. ఆ అంకె రాసుకుని మేనేజరు గదికి వెళ్లాడు. అక్కడ కుర్చీ చెయ్యి కూడా చల్లగా తగిలింది.

"శ్రేణి ఇచ్చే ఫారంలో లాండ్రీకి గడే లేదు బాబాయ్. అతిథులు పడుకునే చోటు కాదుగా అది," అన్నాడు మేనేజరు, తల ఎత్తకుండానే. "అయినా సలహా నీదేగా?"

మీటర్లాయన తిట్టవలసిన మాటలన్నీ పళ్ల వెనకే నమిలి మింగి, పై అంతస్తుల మీటర్లు చూడటానికి వెళ్లాడు. అందుకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు.

మధ్యాహ్నం దిగేసరికి వదినను ఇద్దరు మోసుకెళ్తున్నారు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆమెకు ముందునుంచే ఒంట్లో బాగోలేదని రాసి సంతకం పెట్టమని మేనేజరు కాగితం ఆయన ముందుకు జరిపాడు.

"చంపింది మనిద్దరం," అన్నాడు మీటర్లాయన. "రాస్తే అదే రాస్తాను."

కాగితం అక్కడే వదిలేసి నేలమాళిగకు వెళ్లి, సుత్తితో తాళం పగలగొట్టి స్విచ్చు వేశాడు. ఫ్యాను గర్రుమంటూ తిరిగింది. నాలుగు రోజుల వేడి నిమిషాల్లో బయటికి పోయింది. ఆయన కూడా పోయాడు, మళ్లీ రాలేదు.

బల్ల మీద సగమే ఇస్త్రీ అయిన దుప్పటి ఉంది. మిగతా సగం ముడతలు ముడతలుగా, అలాగే.