తడి ఆగిన గీత

వికారాబాదు మ్యూజియంలో తన బిడ్డ పద్మారాణి గీసిన బొమ్మలు పెట్టారంటే, బాలస్వామి ఉతికిన చొక్కా వేసుకొని తాండూరు నుంచి వచ్చాడు. తీరా చూస్తే మొదటి బొమ్మలో మనిషి లేడు, చెట్టు లేదు. నీలం కాయితం మీద బొగ్గుతో గీసిన వంకర గీత ఒక్కటే ఉంది. పక్కనున్నవాళ్లలో ఒకరు వాగన్నారు, ఒకరు వెంట్రుకన్నారు. వీళ్ల తెలివి తగలెయ్య, అనుకున్నాడు.

ముప్పై ఏండ్లు నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పనిచేసినవాడు మరి. కోతకు పెట్టేముందు బండ మీద నీళ్లు చల్లుతారు. బండంతా ఆరినా నెర్రె ఉన్నచోట తడి ఆగి, నల్లటి గీతలా తేలుతుంది. చిన్నప్పుడు సద్ది తెచ్చిన పద్మారాణి ఆ గీతలనే చూస్తూ కూర్చునేది.

ఇంతకీ ఈ నెర్రె చివరిదాకా పోయిందా, నడుమనే ఆగిందా? ఆలోచిస్తూనే బాలస్వామి సీసా మూత తీసి అరచేతిలో నీళ్లు పోసుకున్నాడు. చెయ్యి లేపేసరికి కాపలా మనిషి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

పద్మారాణి ఉరికొచ్చింది. "నాయినా, అది కాయితం."

"నాకెరుకే బిడ్డా," అన్నాడు బాలస్వామి, నీళ్లు కారుతున్న అరచేతిని చూసుకుంటూ. "చేతికే తెల్వలే."