తమ్ముడిచ్చిన రక్తం

పుష్పరాణికి కడుపు పోయి రక్తం కావలసి వచ్చినప్పుడు ఇచ్చింది తమ్ముడు మల్లేశే. రేవులో మూటలు మోసే పని వదిలి పరుగున వచ్చాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమెకు కీళ్లనొప్పులు మొదలయ్యాయి. చెంపల మీద ఎర్రటి మచ్చలు లేచాయి, కాళ్లు ఉబ్బాయి. తల్లి అమ్మన్నమ్మ మందుకన్నా ముందు కారణం వెతికింది. అది ఇంట్లోనే దొరికింది.

"తాగుబోతోడి రగతం ఎక్కించినారు. విసమైపోనాది నా పిల్లకి!" అని తాముండే వాట్‌గంజ్ వీధంతా వినేలా కొడుకును తిట్టిపోసింది. మల్లేశు బట్టలు మూటగట్టుకుని నది అవతల హౌరా వెళ్లిపోయాడు. మళ్లీ గడప తొక్కలేదు.

పుష్పరాణిని ఆసుపత్రిలో చేర్చాక, డాక్టరు రఘురాం పరీక్షల సంగతి బెంగాలీలో కాక తెలుగులోనే చెప్పాడు.

"లూపస్ అనే జబ్బమ్మా ఇది. చచ్చిన కణాలను ఊడ్చేసే ప్రోటీన్ ఒకటి అందరి రక్తంలోనూ ఉంటుంది. సి1క్యు అంటాం. మీ అమ్మాయి ఒళ్లు దాన్నే శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తోంది. అవి కిడ్నీలను దెబ్బతీస్తున్నాయి."

"మా మల్లేసు రగతం వల్ల కాదేటి బాబూ?"

"కాదమ్మా. ఆ ప్రోటీనూ ఆమెదే, యాంటీబాడీలూ ఆమెవే. అప్పుడు కడుపు పోయింది కూడా బహుశా ఈ జబ్బువల్లే. ఆ రోజు రక్తం అందకపోతే మనిషే దక్కేది కాదు."

మంచం మీంచి పుష్పరాణి నీరసంగా అంది: "అప్పుడే సెప్పినాను కదే అమ్మా, ఆడినేటీ అనొద్దని."

మర్నాడు అమ్మన్నమ్మ పడవెక్కి నది దాటింది. మల్లేశు ఒక ఇనుప కార్ఖానా బయట దొరికాడు. చిక్కిపోయి ఉన్నాడు.

"తప్పైపోనాదిరా నాయినా," అంటూ చెయ్యి పట్టుకోబోయింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అక్కకెలాగుంది?"

"కిడ్నీలు పోతన్నాయంట."

"వస్తాను. అక్క కోసం."

వచ్చాడు. మందులు ఎంత పెంచినా కిడ్నీలు కోలుకోలేదు. డయాలసిస్ తప్పలేదు. వెళ్లాల్సిన ప్రతిసారీ మల్లేశే అక్కను తీసుకెళ్లేవాడు. ఆమెతో కబుర్లు చెప్పేవాడు, ఒక్కోసారి నవ్వించేవాడు కూడా. తల్లి ఆ గది గుమ్మంలో కనబడితే మాత్రం నోరు కుట్టేసుకునేవాడు.

అందుకే అమ్మన్నమ్మ లోపలికి వెళ్లడం మానేసింది. ఆసుపత్రి వరండాలో గోడకానుకుని కూర్చుని, లోపలి మాటలు ఆగకుండా ఉంటే చాలనుకునేది.