గేటు ముందు చెక్కలు

అందరూ చూస్తుండగానే సూపర్‌వైజర్ ముసలి డ్రైవర్ ఒంటి మీది పచ్చ చొక్కా విప్పించాడు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడట, అదీ ఆయన చేసిన నేరం. విప్పిన చొక్కాను ఉండచుట్టి గేటు బయటి గుంపు మీదికి విసిరాడు.

"ఎవరికి దొరికితే వాడిదే బండి!" అన్నాడు నవ్వుతూ.

బనీనుతో మిగిలిన ముసలాయన వైపు ఒక్కడూ చూడలేదు. నలభై మంది చేతులు గాల్లోకి లేచాయి. వాటిలో పెద్దల్లుడి చేతులూ ఉన్నాయి. చొక్కా అతని వేళ్లకు తగిలి, జారి, పక్కనున్న చిన్నల్లుడి చేతుల్లో పడింది.

అక్కచెల్లెళ్లను చేసుకున్న తోడల్లుళ్లు గనక బజారంతా వాళ్లను పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలిచేది. ఇద్దరూ ఏళ్ల తరబడి మూడు చక్రాల తొక్కుడు బండ్ల మీద దుకాణాలకు సరుకు మోసినవాళ్లే. అప్పట్లో బండ్ల స్టాండులో ఒక కట్టుబాటు ఉండేది. వచ్చినవాడు వచ్చినట్టు తన చక్రం కింద పెట్టే అడ్డుచెక్కను గోడవారన వరుసలో పెట్టాలి. ముందు చెక్క ఎవరిదైతే ముందు సరుకు వాడిది. ఎదుటివాడి చెక్క జరిపినవాడితో నెల రోజులు ఎవరూ మాట్లాడరు.

తర్వాత ఊరి చివర ఉమ్మడి సరుకుల కేంద్రం లేచింది. కంపెనీల లారీలన్నీ అక్కడే సరుకు దింపాలి, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు వీధివీధికీ చేర్చాలి. మంచిదే, ఎవరు కాదన్నారు? లారీల పొగ తగ్గింది, పిల్లల దగ్గు తగ్గింది. కానీ కేంద్రం నడిపే కాంట్రాక్టరు పది బండ్లే పెట్టి మిగతావాళ్లను గేటు బయట నిలబెట్టాడు. ఊరిని శుభ్రం చేస్తానని చెప్పి, ఏనాడూ పొగ వదలని తొక్కుడు బండ్లనే ముందు ఊడ్చేశాడు.

పెద్దల్లుడికి ఇవేవీ పట్టలేదు. అతని కళ్లకు కాంట్రాక్టరు ఆననేలేదు, తోడల్లుడి చొక్కా ఒక్కటే ఆనింది. ఆ బండి చప్పుడు లేకుండా సందులోకి వస్తే ఇతని గుండెల్లో రాళ్లు పడేవి. భార్య పళ్లెం ముందు పెట్టి "మా చెల్లెలు..." అనగానే ముద్ద గొంతు దిగేది కాదు.

"మీ చెల్లెలి భజన ఆపవే తల్లీ!"

"నేనేమన్నానయ్యా? వాళ్ల తలుపు గాలికి కొట్టుకోకుండా మరిది పాత అడ్డుచెక్క పెట్టారట. అది చెప్పబోయా."

అడ్డుచెక్కను తలుపుకు పెట్టాడా! అంటే ఇక మన వరుసలోకి రాడన్నమాట. పెద్దల్లుడు పళ్లెం తోసేసి లేచాడు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నల్లుడు బండికి ఛార్జింగ్ పెట్టి మూటల కోసం లోపలికి వెళ్లాడు. పెద్దల్లుడు కంచె సందులోంచి చెయ్యి దూర్చి వైరు పీకాడు. కడుపు చల్లబడింది, దాచడమెందుకు?

గంట తర్వాత వంతెన ఎక్కుతూ ఛార్జింగ్ చాలక బండి ఆగిపోయింది. కేంద్రంలో చేతిబ్రేకు ఆపలేనంత సరుకు నింపారు, బండి వెనక్కి జారింది. చిన్నల్లుడు దూకి, చెక్క కోసం అలవాటుగా సీటు కింద తడిమాడు. లేదు. వెనకాల బడి పిల్లలు నడిచొస్తున్నారు. చక్రం కింద తన కాలే పెట్టాడు.

సాయంత్రం అతన్ని కట్టుతో ఇంటికి తెచ్చారు. గేటు బయటి నలభై మందీ ఆ వాకిట్లో చేరారు. కాంట్రాక్టరు కబురు అప్పటికే వచ్చేసింది: బండి పాడు చేసినందుకు పని నుంచి తీసేశాం.

"ఇంకేం, రేపు ఆ చొక్కాతో ఇంకొకడికి పెళ్లి!" అన్నాడెవడో. కొందరు నవ్వారు కూడా.

పెద్దల్లుడు లేచి నిలబడ్డాడు.

"వైరు పీకింది నేనే. కుళ్లుతో పీకాను."

"బావా! నువ్వా?" అంది మరదలు. చిన్నల్లుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇద్దరు ముగ్గురు కొట్టడానికి లేచారు.

కేంద్రంలో మూటలెత్తే ఆవిడ, అందరూ మూటలక్క అంటారు, అడ్డం వచ్చింది.

"కొట్టండి. కొట్టాక రేపు గేటు దగ్గర చేతులెత్తండి. ఆ ముసలాయన చొక్కా విప్పినప్పుడు ఎత్తలేదా? ఒకడు కింద పడాలని రోజూ కోరుకునేవాళ్లమే మనమంతా. వైరు వీడు పీకాడు సరే, మనలో మనకు ఈ కుళ్లు పెట్టి చలి కాచుకుంటున్నదెవడు?"

"అయితే ఏం చేద్దామంటావ్?" అన్నాడు ముసలి డ్రైవర్.

"కేంద్రం ఉండాలి, మనమూ ఉండాలి. పది బండ్లూ యాభై మందికీ వంతులవారీగా ఇవ్వాలి. బండి మోయగలిగినంతే నింపాలి. స్టాండులో మనకు వరుస నేర్పిందెవరు, కాంట్రాక్టరా?"

తెల్లారేసరికి గేటుకు అడ్డంగా వరుసలో చెక్కలు పరుస్తున్నారు. మరదలు వచ్చి తలుపు దగ్గరి చెక్క పెద్దల్లుడి చేతిలో పెట్టింది.

"ఆయన ఇమ్మన్నాడు. ఎక్కడ పెడతావో నీ ఇష్టమట."

పెద్దల్లుడు దాన్ని అందరికంటే ముందు పెట్టాడు. తన చెక్క తీసుకెళ్లి చిట్టచివర పెట్టాడు.

సూపర్‌వైజర్ చొక్కా పట్టుకొచ్చాడు. సరాసరి పెద్దల్లుడినే చూస్తూ, "నీకు అతికినట్టు సరిపోతుందిరా" అని విసిరాడు. పెద్దల్లుడి వేళ్లు ఒక్కసారి కదిలాయి. పిడికిలి బిగించాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. చొక్కా దుమ్ములో పడింది.

కాసేపటికి పోలీసు వ్యాను దిగింది.

"ఈ మొదటి చెక్క ఎవడిది?"

ఇన్నాళ్లూ తోడల్లుడి కంటే ముందు నిలబడాలని కుళ్లిపోయిన పెద్దల్లుడు ముందుకొచ్చాడు.

"నాదే."

వ్యాను ఎక్కించాక జాలీలోంచి చూశాడు. లోపలి పచ్చ చొక్కాలవాళ్లు గేటు తీసుకుని బయటికొస్తున్నారు. సీట్ల కింద ఇన్నాళ్లూ దాచుకున్న పాత చెక్కలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఒకడు వంగి, పెద్దల్లుడి చెక్క వెనక తనది పెట్టాడు. వాడి వెనక ఇంకొకడు వంగుతున్నాడు.