ముందు చక్రం, నిమ్మకాయ

పటాన్‌చెరులో ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. ఒక ఫ్యాక్టరీలో ఇనుప సామాన్లు మోసే మూడు చక్రాల బ్యాటరీ బండి ఉండేది. నడిపేవాడు ముత్తంగి యాదన్న. హ్యాండిల్ తిన్నగా పట్టుకుంటే ముందు చక్రం ఎడమకు చూసేది. అందుకని హ్యాండిల్ కాస్త కుడికి తిప్పి పట్టుకునే నడిపేవాడు. బండి రాకముందు అవే సామాన్లు నెత్తిన మోసిన మనిషి. ఆ సీటంటే అతనికి ప్రాణం.

దసరా ముందు ఫోర్‌మన్ కామేశ్వరరావు ఆ సీటుకే ఎసరు పెట్టాడు. "యాదన్నా, పండగ నుంచి బండి మా బావమరిది బాపిరాజు నడుపుతాడు. నువ్వు మళ్ళీ మోతకెళ్ళిపో. పూజనాటికి ఆ ముందు చక్రం సరిచేసి పెట్టు."

యాదన్నకు ఒళ్ళు మండింది. కానీ బాపిరాజు కొన్నాళ్ళుగా ఆ బండి మీదే నేర్చుకుంటున్నాడు. హ్యాండిల్ కుడికి తిప్పి పట్టడం అతనికీ అలవాటైపోయింది. అది తలుచుకోగానే యాదన్నకు మీసాల కింద నవ్వొచ్చింది.

"గట్లనే సార్," అన్నాడు బుద్ధిమంతుడిలా.

ఆయుధపూజ పొద్దున చెప్పిన పని చెప్పినట్టే చేశాడు. హ్యాండిల్ బోల్టు వదులు చేసి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను దానికి సూటిగా తిప్పి బిగించాడు. బాపిరాజుకు మాత్రం ఆ ముక్క చెప్పలేదు. చెప్పమని ఎవరూ అనలేదు మరి.

అందరూ నిమ్మకాయను చక్రం కిందే పెడతారు. కామేశ్వరరావు పద్ధతి వేరు. దూరంగా షెడ్డు గుమ్మంలో పెట్టి, అందరూ చూస్తుండగా బండి వచ్చి తొక్కాలనేవాడు. తొక్కకపోతే ఏడాదంతా అరిష్టమని ఆయన భయం.

బాపిరాజు దర్జాగా ఎక్కాడు, హ్యాండిల్ కుడికి తిప్పాడు. బండి కుడికి మళ్ళి, పక్కన ప్రసాదానికి పెట్టిన పులిహోర గంగాళాన్ని బోర్లా కొట్టింది.

"బావా, బండికి గాలి పట్టింది!" అని అరిచి దూకేశాడు.

"నన్ను జెర సూడనియ్యుండ్రి సార్," అంటూ యాదన్న మీసం దువ్వి ఎక్కాడు. హ్యాండిల్ ముట్టుకోగానే ఆ పాడు చేతులు వాటంతటవే కుడికి తిరిగాయి. కామేశ్వరరావు ఎగిరి పక్కకు దూకబట్టి బతికాడు గానీ, ఆయన కుర్చీ బతకలేదు. అన్నేళ్ళ అలవాటు తన చేతులకూ ఉందని యాదన్నకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఎవరో ఒకరు తొక్కించండయ్యా, వర్జ్యం వచ్చేస్తోంది!" అని కామేశ్వరరావు గోల. నలుగురూ కలిసి బండిని మళ్ళీ గుమ్మానికి సూటిగా నెట్టారు.

షెడ్డు ఊడ్చే ముత్యమ్మ, యాదన్న పెళ్ళాం, చీపురు పక్కన పడేసి కొంగు దోపింది. ఎన్నడూ హ్యాండిల్ పట్టని మనిషి, తిన్నగా పట్టుకుంది. బండి తిన్నగా పోయింది. నిమ్మకాయ చితికింది.

"ఇక బండి ఈవిడదే!" అన్నాడు కామేశ్వరరావు, పంచె మీది పులిహోర దులుపుకుంటూ.

సీటు ఇల్లు దాటనందుకు నవ్వాలో, తనకు దక్కనందుకు ఏడవాలో యాదన్నకు తెలియలేదు. ముత్యమ్మ సీటు మీంచి దిగనే లేదు.

"గట్ల సూస్తవేందయ్యా? చీపురు గాడుంది. గా పులిహోర జల్దీ ఊడ్వు."

యాదన్న వంగి చీపురందుకున్నాడు.