ఐదోవాడు

మేకపెంటికలు ఊడ్చి గోడవారకి తోసేసరికే రామూర్తికి ఆయాసం వచ్చింది. బాస్కెట్‌బాల్ రింగు స్తంభం మొదట్లో ఎవడో గుట్కా ఉమ్మేశాడు, ఎర్రగా అట్టకట్టింది. నీళ్ళు పోసి కొబ్బరిపీచుతో రుద్దుతుంటే కడుపులో తిప్పింది. ఈమధ్య ప్రతిదానికీ తిప్పుతోంది. చేపల పులుసు వాసనకి వాంతి. మంచినీళ్ళు తాగినా నోట్లో తుప్పురేకు నాకినట్టుంటుంది. పైగా ఆ పొద్దున గాలి పలాస జీడి బట్టీల మీదుగా వస్తోంది. పిక్కలు కాలిన పొగ గొంతులో గీరుతోంది.

యాభై రెండేళ్ళ మనిషి. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఉన్న ఊరి నుంచి రోజూ తొలి బస్సుకి వచ్చి, పలాసలోని ఈ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గ్రౌండు మనిషిగా ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. తెల్లవారేసరికి ముఖం ఉబ్బుతుంది. సాయంత్రానికి ఆ నీరు పాదాల్లోకి దిగుతుంది. అతని అన్న ఇలాగే నీరసించి పోయాడు. పక్కింటి ధర్మారావూ అంతే. కిడ్నీలని డాక్టరు చెప్పాడు గానీ ఆ ఊళ్ళోనే ఇంతమందికి ఎందుకొస్తోందో చెప్పలేదు.

తాడు లాగి కట్టి, చిల్లుల డబ్బా ఆడిస్తూ సున్నంతో గీతలు గీశాడు. ఆవేళ కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆఖరాట. టెక్కలి జట్టు వస్తోంది.

స్కూటరు ఆపి, ఫిజికల్ డైరెక్టరు జగన్నాథరావు ఆటసామాన్ల షెడ్డు వెనక్కి వచ్చాడు. అతను షెడ్డు వెనక్కి వచ్చాడంటే ఒకటే పని.

"నలుగురు ఖాయం రామూర్తీ. ఐదోవోడే తెగట్లేదు. క్రాంతికుమారా, నెహెమ్యావా?"

ఈ అడగడం పంతొమ్మిదేళ్ళ నాటిది. రామూర్తి ఎన్నడూ బంతి ఆడలేదు. కానీ అందరూ బంతి వెంట తలలు తిప్పుతుంటే, తను గీసిన గీతలు చెరిగిపోతున్నాయేమోనని అతను ఆటగాళ్ళ కాళ్ళు చూసేవాడు. చూడగా చూడగా ఎవడి కాళ్ళు వెనక్కి పరిగెడతాయో, ఎవడివి బుట్ట కింద నిలబడిపోతాయో తెలిసిపోయింది. ఒకసారి ఊరికే అన్న మాట నిజమైంది. అప్పట్నుంచీ జగన్నాథరావు రహస్యంగా అడగడం, రామూర్తి చెప్పడం. గెలిచినప్పుడల్లా పేపర్లో జగన్నాథరావు ఫొటో పడేది. రామూర్తికి ఒక టీ దక్కేది.

"నెహెమ్యాని పెట్టండి బాబూ."

"ఆడు ఒక్క బుట్టా ఎయ్యడు కదరా."

"క్రాంతిబాబు ఇరవై ఏత్తాడు. ఏసి, అక్కడే నిలబడి సప్పట్లు ఇంటాడు. ఎనక్కి రాడు. ఆడేసిన ఇరవైకి ఆడి ఎదుటోడు పాతికేత్తాడు. నెహెమ్యా బంతి సూడడు, ఎదుటోడి నడుం సూత్తాడు. టెక్కలి పొడుగోడు ఊపిరాడక సత్తాడు." రామూర్తి ఆయాసంతో ఆగాడు. "జీడితోటకి కంచె ఏత్తాం కదా. కంచెకి పిక్కలు కాయవని పీకేత్తామా బాబూ?"

జగన్నాథరావు నవ్వి, కాగితం మీద నెహెమ్యా పేరు రాసుకున్నాడు.

మధ్యాహ్నం గ్రౌండు నిండింది. కాలేజీ కరస్పాండెంటు కామేశ్వరరావు అతిథులతో వచ్చి షామియానా కింద కూచున్నాడు. రామూర్తి వాళ్ళకి బూందీ పొట్లాలు అందిస్తుంటే కాగితంలో కారిన నూనె చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ పక్కనే కామేశ్వరరావు జట్టు కాగితం చూస్తున్నాడు.

"క్రాంతి లేడేంటండీ? గెస్టుల్ని పిలిచింది ఎవడో ఎవణ్ణో అడ్డుకుంటుంటే చూడ్డానికా? బుట్టలు పడాలి, జనం అరవాలి."

"అదే రాస్తున్నాను సార్, చిన్న పొరపాటు," అంటూ జగన్నాథరావు నెహెమ్యా పేరు కొట్టేశాడు. రామూర్తి వైపు చూడలేదు.

సగం ఆటలో క్రాంతి పదహారు వేశాడు. వేసిన ప్రతిసారీ జనం ఊగిపోయారు. అతను కాపలా కాయాల్సిన టెక్కలి పొడుగువాడు ఇరవై రెండు వేశాడు. అది ఎవరికీ పట్టలేదు. పలాస ముప్పై నాలుగు, టెక్కలి నలభై రెండు.

విరామంలో జగన్నాథరావు చెమటలు కక్కుతూ షెడ్డు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి సేద్దాం రామూర్తీ?"

అతని తలనూనె వాసన గుప్పుమని తగిలింది. ఇతన్నే కదా ఇన్నేళ్ళూ గెలిపించుకొచ్చాను అనుకుంటే రామూర్తికి తన మీద తనకే రోత పుట్టింది. జవాబు చెప్పకూడదనుకున్నాడు. కానీ గోడవార నెహెమ్యా, ఎవరూ పిలవకపోయినా, బూట్ల తాళ్ళు బిగించి కూచుని ఉన్నాడు.

"పొద్దుట సెప్పినదే బాబూ."

క్రాంతి బదులు నెహెమ్యా దిగాడు. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే నయోమి కొడుకు. సన్నంగా, నల్లగా, మాట లేకుండా ఉంటాడు. పొడుగువాడికి నీడలా అంటుకున్నాడు. చేయి వెయ్యకుండా, కాళ్ళతోనే దారి మూశాడు. ఆ పొడుగువాడు మిగతా ఆటంతా కలిపి నాలుగే వేశాడు. పలాస ఒక్కొక్క పాయింటే దగ్గరకొచ్చింది. జనం మాత్రం సణిగారు. "క్రాంతీ! క్రాంతీ!" అని అరిచారు.

చివరి ఎనిమిది సెకన్లు. పలాస యాభై ఎనిమిది, టెక్కలి యాభై తొమ్మిది. పాస్ చెయ్యడానికి ఎవరూ దొరక్క నెహెమ్యాయే బంతి విసిరాడు. రింగు అంచుకి తగిలి బయట పడింది. విజిల్ మోగింది.

"సున్నా వేసినవాణ్ణి దింపమని ఎవడు చెప్పాడయ్యా?" షామియానా కింద కామేశ్వరరావు గొంతు లేచింది.

"నేనైతే క్రాంతినే ఉంచేవాణ్ణి సార్," అన్నాడు జగన్నాథరావు, నోట్లో బూందీ నములుతూనే. "మన గ్రౌండు మనిషి రామూర్తి. వాడి మాట విని చెడ్డాను."

అందరూ తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. పంతొమ్మిదేళ్ళలో జట్టు సంగతిలో అతని పేరు పైకి వినపడటం అదే మొదలు. రామూర్తి షెడ్డు వెనక్కి నడిచి, గోడ పట్టుకుని కక్కుకున్నాడు. పసరు తప్ప ఏమీ రాలేదు.

తల ఎత్తేసరికి నెహెమ్యా చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా వల్లే మావా. నీకు మాట పడింది."

"రెండో సగంలో పొడుగోడు ఎన్నేసినాడు?"

"నాలుగు."

"మరింకేటి," అని రామూర్తి నోరు పుక్కిలించి ఉమ్మేశాడు. "ఇంటికెల్లు. మీ అమ్మకి ఆ నాలుగే సెప్పు."

జనం పోయాక జగన్నాథరావు మళ్ళీ వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఏటీ అనుకోకు రామూర్తీ. ఆ టైముకి నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చే నెల యూనివర్సిటీ సెలక్షనుకి ఒకణ్ణి పంపాలి. ఎవుల్ని పంపుదాం?"

రామూర్తి అతని పెదవి చివర అంటుకున్న బూందీ పలుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నాకేటి తెల్దు బాబూ. గ్రౌండు మనిసిని. సున్నం ఏత్తాను."

అని, షెడ్డు తలుపు చేరేసి, మెల్లిగా బస్సు కోసం నడిచాడు. పాదాలు అప్పటికే బరువెక్కాయి.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చారనీ, ఐదో రోజు పోయాడనీ కాలేజీ ఊడ్చే ధనమ్మ స్టాఫ్ రూంలో చెప్పింది. జగన్నాథరావు "అయ్యో, మంచోడు" అని, అటెండెన్సు రిజిస్టరు ఇటు ఇమ్మన్నాడు. యూనివర్సిటీకి క్రాంతికుమార్ పేరు వెళ్ళింది.

షెడ్డులోంచి కుళ్ళు వాసన వస్తోందంటే ధనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. ఆటనాడు అతను ముట్టని అన్నం క్యారేజీ మేకుకి వేలాడుతోంది. లోపలిదంతా గోడవతల పారబోసి, ఇసుక వేసి రెండుసార్లు తోమింది. రామూర్తి వాళ్ళావిడ వస్తే ఇద్దామని గోడ మీద బోర్లించింది. ఎవరూ రాలేదు. స్టీలు మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన 'రా. కాంతం' అన్న ఆమె పేరుతో ఆ క్యారేజీ అక్కడే ఎండకి ఆరుతూ ఉండిపోయింది.