టికెట్టు లేని ప్రయాణికుడు

డబ్బా మూత తిప్పుతూ ఆమె తలను కొంచెం పక్కకు వాల్చింది. ఎన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, రోగుల విరేచనాలు పరీక్షించే గదిలో ఆమె పని. ముక్కుకు గుడ్డ, కళ్ళజోడు వెనక ఎప్పుడూ నవ్వే కళ్ళు. ఆసుపత్రంతా ఆమెను డబ్బాలక్క అంటుంది.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు “మా కోడలిది ఆసుపత్రిలో ఉద్యోగం” అని గొప్పగా చెప్పి, ఏం ఉద్యోగమని అడిగేలోపే కాఫీ తెస్తానంటూ లేచిపోయేది. మొగుడు మాత్రం, “లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారు గానీ, ఊరి లోగుట్టంతా మా ఆవిడకే ఎరుక,” అని పడీపడీ నవ్వేవాడు.

ఆ ఉదయం కిటికీ దగ్గర ఒక ఇల్లాలు కొంగు నలుపుకుంటూ నిలబడింది. ఆమె భర్త బస్సు కండక్టరు. పంటి వాపుకు మందు వాడాక విరేచనాలు పట్టుకుని, జ్వరంతో, ఉబ్బిన పొట్టతో పై వార్డులో ఉన్నాడు. కారణం తేలకపోతే పొట్ట కోయాల్సి వస్తుందేమోనని డాక్టర్లు అంటున్నారు.

“ఫలితం రావడానికి రోజులు పడతాయటగా అక్కా?”

“అది పాత పద్ధతమ్మా, క్రిమిని పెంచి చూడాలి. దొంగ దొరక్కపోయినా, వాడు తిని వదిలేసిన ఎంగిలి పళ్ళెం చూస్తే ఎవడొచ్చాడో తెలీదూ? క్రిములూ అంతే. ఒక్కో జాతి ఒక్కో రకం ఎంగిలి వదులుతుంది. ఈ మిషను దాన్నే పట్టుకుంటుంది. నువ్వెళ్ళి కాస్త ఏదైనా తిను.”

ఫలితం చేత్తో పట్టుకుని వార్డుకు వెళితే మంచం ఖాళీగా కనిపించిన రోజులు డబ్బాలక్క ఎరుగును. అందుకే ఈ మిషను వచ్చినప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన కోడలిని చూసినట్టు చూసుకుంది.

కండక్టరు డబ్బాలోంచి బఠాణీ గింజంత తీసి మందునీళ్ళలో కలిపింది. గిర్రున తిప్పించి, పైకి తేలిన తేటను చిటికెన వేలంత సీసాలోకి ఎక్కించింది. మిషను సన్నగా గురగురలాడింది. కాసేపటికి తెర మీద ఒక గీత కొండలా నిక్కింది. ల్యాబు డాక్టరమ్మ దాన్ని పాత నమూనాల పక్కన పెట్టి చూసి, “వాడే! పంటి మందు చాటున పెరిగిన క్రిమే!” అని కుర్చీలోంచి లేచి వార్డుకు ఫోను చేసింది. పాత మందు ఆపారు, సరైన మందు మొదలుపెట్టారు. కోత మాట వెనక్కి పోయింది.

పని ముగించుకుని, చేతులు సబ్బుతో తోముకుని, ఆమె మెట్లెక్కి వార్డుకు వెళ్ళింది. కండక్టరు నీరసంగానే ఉన్నాడు గానీ మాట మాత్రం నీరసించలేదు.

“నా జన్మంతా టికెట్టు లేనివాళ్ళను నేను పట్టుకున్నాను. నా కడుపులో టికెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి నువ్వు పట్టావు తల్లీ!”

పక్క మంచాల వాళ్ళు కూడా నవ్వారు. అతని భార్య నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“రేపు కూడా ఇలా వచ్చిపో అక్కా,” అంది.

“రేపట్నుంచి నేను రానమ్మా. ఇవాళ్టితో ఉద్యోగం అయిపోయింది.”

“అయితే నీ ఆఖరి స్టాపులో ఎక్కానన్నమాట!” అన్నాడు కండక్టరు.

సన్మానాలూ దండలూ వద్దని ఆమె ముందే చెప్పేసింది. కిందికి దిగి బల్ల తుడిచి, డాక్టరమ్మకు “వస్తానమ్మా” అని చెప్పి బయటికొచ్చింది. గేటు దగ్గర మొగుడు స్కూటరు మీద కాచుకుని ఉన్నాడు. వెనక కూర్చుంటూనే కండక్టరు మాటలు చెప్పడం మొదలుపెట్టింది. మలుపు తిరిగేదాకా ఇద్దరి నవ్వూ వినిపిస్తూనే ఉంది.

గదిలో, మిషను బల్ల కింద, మడమ దగ్గర ఒకవైపే అరిగిన, పనిలో ఆమె వేసుకునే నీలం రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.