ధర్నా పీట

మాటలు తక్కువైన మనిషికి పడే శిక్షల్లో పెద్దది ఎరువుల దుకాణంలో గల్లాపెట్టె వెనక కూర్చోవడం. "రా కాకా, ఏం గావాలె కాకా, మొన్నటి మందు పన్జేసిందా కాకా" అని పొద్దంతా అంటూనే ఉండాలి. ఆ శిక్ష నాకు దీపావళికి ఖాయమైంది. వేసినవాడు మా బావ జైపాల్, నా భార్య పుష్పకు అన్న. కొడకండ్లలో రెండో దుకాణం ఆయన దీపావళి నాడు తెరుస్తున్నాడు.

"సంజీవా, గల్ల మీద నువ్వే గూసోవాలె," అన్నాడు. "మాట్లాడరాకుంటే నేను నేర్పుత."

నేర్పుతాడు. ఆయన నోటికి ఆదివారం లేదు.

అది సకల జనుల సమ్మె జరిగిన ఏడు. వానాకాలంలో పత్తి చేను పని తీరాక నేను రోజూ పోయే చోట్లు రెండు. ఒకటి కొడకండ్ల చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం. ఊరికో రోజు, కులానికో రోజు వంతు పడేది. మా వంతు కాని రోజు కూడా పోయి గుడారం చివర కూర్చునేవాణ్ణి. నినాదం ఇవ్వడం నాకు చేతకాదు, పిడికిలి మాత్రం అందరికంటే ముందే లేపుతాను. రెండో చోటు ఆ శిబిరం ఎదురుగా ఉన్న నరేశ్ నెట్ సెంటర్. నరేశ్‌ది మానుకోట దిక్కు తండా. జనం హాల్ టికెట్ల కోసం, పాసు పుస్తకం నకళ్ల కోసం అతని దగ్గరికి వచ్చేవారు. నేను ఫ్యాను కోసం వచ్చేవాణ్ణి.

గల్లాపెట్టె సంగతి విని నరేశ్ జాలిపడ్డాడు. "అన్నా, నోరు తెరువకుంట చేసే దందా ఒకటున్నది," అన్నాడు. "మీ నాయిన చేసిన పనే."

మా నాయిన జనగామ పశువుల అంగడిలో దళారి. అక్కడ బేరం నోటితో చేయరు. అమ్మేవాడి చేయీ దళారి చేయీ ఒక తువ్వాలు కింద కలుస్తాయి. వేలు పట్టుకుంటే వెయ్యి, గోరు నొక్కితే నూరు. తర్వాత కొనేవాడి చేయి. చుట్టూ ఎందరున్నా ధర ఎవరికీ తెలియదు, అడగడం మర్యాద కూడా కాదు. నేను లెక్కలు బడి కంటే ముందు ఆ తువ్వాలు కింద నేర్చుకున్నాను.

"ఎడ్లు ఆయినవి గావు, పైసలు ఆయినవి గావు. ఇద్దర్ని గలిపి తన వాట తీస్కుండు," అన్నాడు నరేశ్. "నువ్వు గూడ గంతే. నెట్ల ఒక బ్లాగు పెట్టి, ఒక సామాను గురించి రాస్తవ్. సదివినోడు కింద నీలం లైను మీద ఒత్తి నెట్టు దుకాన్లకు పోతడు. ఆడ కొంటే నీ లైను మీదికెల్లి అచ్చిండని ఆళ్లకు తెలుస్తది. నీ వాట నీకు పడ్తది."

"ఏం రాయాలె?"

"అందరు రాసేది గాదు. ఒక్కటే పట్టాలె, బోరు ఏసినట్టు లోతుగ పోవాలె. గీ దునియాల నీకు మస్తు తెలిసినదేంది?"

బయటికి చూసి ఆలోచించాను. శిబిరంలో నలభై మంది ఉన్నారు. ఒకాయన చెప్పుల మీద కూర్చున్నాడు, ఒకాయన పేపరు మీద. లీడర్లకు ప్లాస్టిక్ కుర్చీలు. మా బావ కుర్చీలో నుంచి ముందుకు జారి, వెనక్కి సర్దుకుని, నడుము మీద చేయి వేసుకుంటున్నాడు.

"కూసునుడు," అన్నాను.

నరేశ్ నవ్వి నవ్వి మౌస్ కింద పడేశాడు. లేచి తీసుకున్నాక మాత్రం నవ్వలేదు. "అన్నా, నిజంగ ఎవ్వలు రాయలే గది," అన్నాడు. బ్లాగుకు 'ధర్నా పీట' అని పేరు పెట్టాం. నా పేరు ఎక్కడా పెట్టలేదు.

ఇంటికి పోయి పుష్పకు నెట్ దళారి పని మొదలుపెట్టానన్నాను. ఏ సామానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"దీపావళి లోపట ఒక్కటంటే ఒక్క సామాను అమ్మి, అది చేరిందని నాకు జూపియ్," అంది. "జూపిస్తె నువ్వు రావని అన్నకు నేనే జెప్త. లేకుంటె నోరు తెరుసుకొని దుకాన్ల గూసో."

మొదటి నెల శ్రద్ధగా రాశాను. చాప మీద కూర్చుంటే రెండు గంటలకు మడమ తిమ్మిరెక్కుతుంది. పేపరు మీద కూర్చుంటే ఒళ్లు కదిలించినప్పుడల్లా చప్పుడవుతుంది, ఉపన్యాసం ఇచ్చేవాడు మన వైపే చూస్తాడు. చెప్పుల మీద కూర్చున్నవాడు లాఠీలు వస్తే చెప్పులు వదిలేసి పరుగెత్తాలి. అన్నిటికంటే మేలైనది మడత పెట్టిన గోనెసంచి అని తేల్చి, అది ఎట్లా నాలుగు మడతలు వేయాలో కూడా వివరించాను.

నరేశ్ చదివి తల పట్టుకున్నాడు. "గోనెసంచి ప్రతోని ఇంట్ల ఉంటది గదనే! నువ్వు అమ్మెతందుకు రాస్తున్నవా, కొనకుంట ఆపెతందుకా?"

"ఉన్నదే రాసిన."

"ఉన్నది రాయి. కని అమ్మేది రాయి."

ఆ నెలలో వచ్చిన కామెంటు ఒక్కటే. ఆంధ్ర పక్క ఎక్కడివాడో 'విషయం బాగుంది, భాష కాస్త శుద్ధి చేసుకోండి' అన్నాడు. 'మీరు దేని మీద కూర్చుని చదివారు?' అని అడిగాను. మళ్లీ రాలేదు. నేల మీదే అయి ఉంటుంది.

రెండో నెలలో ఒక మడత పీట తెప్పించాను. మూడు కాళ్లు, మీద గుడ్డ. మడిస్తే చంకలో పడుతుంది. మనం కొన్నది మన లెక్కలోకి రాదని నరేశ్ ముందే చెప్పాడు, అయినా చూడనిది ఎట్లా రాస్తాను? శిబిరానికి తీసుకుపోయి మట్టి మీద, కంకర మీద, తారు మీద వేసి చూశాను. ఎండలో తారు మీద ఒక కాలు దిగబడుతుంది, కింద పలక వేసుకోవాలి. రైలు పట్టాల కంకర మీద మాత్రం మూడు కాళ్లే మేలు, నాలుగు కాళ్లది ఊగుతుంది. రాసుకుంటూ ఉండగా మా వాడకట్టు చిలుకమ్మవ్వ వచ్చి దాని మీద కూర్చుంది. ఆమెకు మోకాళ్లు వంగవు.

సాయంత్రం పీట అడిగాను.

"ఏ పీట?" అంది.

"కింద ఉన్నది."

"ఇదా? ఇది నాదే గదర. పొద్దటికెల్లి నా కిందనే ఉన్నది."

వాదించడానికి మాటలు కావాలి. వదిలేశాను. ఆమె మోకాళ్ల కథనే మర్నాడు రాశాను, కింద నీలం లైను పెట్టాను.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. బడులు బంద్, బస్సులు బంద్, బొగ్గు గనులు బంద్. రాష్ట్రమంతా కూర్చుంది. నా బ్లాగుకు కాళ్లొచ్చాయి. 'భూపాలపల్లిల గని ముంగట కూసున్నం, అయిదు పీటలు జెప్పినం' అని దేవ్‌సింగ్ అనే కార్మికుడు రాశాడు. మానుకోట రైల్వే స్టేషన్ నుంచి, పట్టాల మీద కూర్చునేందుకు మూడు చెప్పామని ఇంకెవరో రాశారు. నరేశ్ నాకు టీ చెప్పాడు.

వారం తిరిగేసరికి నెట్టు దుకాణంవాళ్లు మాకిచ్చిన లెక్కల పేజీలో ఎనిమిదింటికీ ఎదురుగా ఒకటే మాట ఉంది. రద్దు.

భూపాలపల్లికి బండి పోలేదు, రోడ్డు మీద మావాళ్లే కూర్చున్నారు. మానుకోటకు రైలు పోలేదు, పట్టాల మీద పీటలు కావాలన్నవాళ్లే పీటలు లేకుండా కూర్చున్నారు.

"నీ గిరాకే నీ సామాన్ను ఆపుతున్నదే అన్నా!" అని నరేశ్ మళ్లీ మౌస్ పడేశాడు.

నాకు నవ్వు రాలేదు. తెలంగాణ రావాలి, బండీ రావాలి. రెండిటికీ కలిపి పిడికిలి ఎట్లా లేపాలో ఆ వారమంతా అర్థం కాలేదు.

అప్పుడు మా బావ నడుము పట్టేసింది. కుర్చీలో కూర్చోలేడు, కింద కూర్చుంటే లేవలేడు. చిలుకమ్మవ్వ పీటను రెండు రోజులు చూశాడు. "అవ్వా, గది నాకిస్తవా? రెండు కుర్చీలిస్త," అన్నాడు. "నా సావు నీ కుర్చీల రాదు కొడుకా, గీ పీట మీదనే అస్తది," అందామె. ఆయన నా వైపు తిరిగాడు.

"గిసొంటిది యాడ దొరుకుతది సంజీవా?"

ఆయన దుకాణం బిల్లు కాగితమే తీసుకుని, వెనక వైపు బ్లాగు అడ్రసు రాసి ఇచ్చాను. ఎవరిదని ఆయన అడగలేదు. నా దగ్గర జవాబు ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోడు.

మర్నాడు శిబిరంలో నా పక్కకొచ్చి, "ఎవడో గని మస్తు రాసిండు," అన్నాడు. "కూసునేటోని కష్టం దెల్సినోడు. నీ తీర్గ మూగోడు గాదు. రాత్రే ఒక పీట జెప్పిన. పైసలు సామాను అచ్చినంకనే ఇచ్చుడు."

నెట్ సెంటర్‌కు పోయి చూశాను. తొమ్మిదో లైను. ఎదురుగా, పంపాం.

పది రోజులు అది పంపాంలోనే ఉంది. దీపావళి ఇంకా వారం. జనగామ దగ్గర హైదరాబాద్ రోడ్డు దిగ్బంధానికి పిలుపు వచ్చింది. ట్రాక్టర్లలో పోయాం. రోడ్డు నడుమ పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. పప్పు పొంగుతోంది. మా బావ ముందు వరుసలో గోనెసంచి మీద వంకరగా కూర్చుని, "ఒక్క బండి గూడ కదలద్దు!" అని అరుస్తున్నాడు. అవ్వ పక్కనే పీట మీద రాణిలా ఉంది.

ఆగిన బండ్ల వెంట నడిచాను. లారీలు, పాల ట్యాంకరు, నాపరాళ్ల బండి. చివర ఒక తెల్ల వ్యాను. వెనక తలుపు తెరిచి డ్రైవరు పార్సిళ్లు కిందా మీదా వేస్తున్నాడు. కొమురెల్లి అని చొక్కా మీద కుట్టు పేరు ఉంది.

"కొడకండ్లకు?" అన్నాను.

"జనగామ కౌంటర్ల ఇడువాలె. సమ్మెకు కౌంటర్ బందువెట్టిండ్రు. ఇయ్యాల తీస్కోనియి రేపు హైదరాబాద్ వాపస్." ఒక డబ్బా ఎత్తి చూపించాడు. "గీ జైపాల్ సారైతే పొద్దట్నుంచి ఫోనే ఎత్తుతలేడు."

ఎట్లా ఎత్తుతాడు? ఆ అరుపుల్లో ఆయనకు ఆయన గొంతే వినబడదు. "గా అర్సేటాయిన," అన్నాను, గడ్డంతో చూపిస్తూ.

ఆ పూట నేను మాట్లాడింది అంతే. అదే ఎక్కువైందేమో. కొమురెల్లి జనంలో నుంచి దారి చేసుకుంటూ పోయి, అందరి ముందూ డబ్బా పైకెత్తాడు. "కొడకండ్ల జైపాల్ సార్! మీ పార్సిల్ అచ్చింది, ఫోనెత్తరేంది?"

నినాదం మధ్యలో తెగింది. వెనక నుంచి ఎవరో, "బండ్లు ఆపుమంటివి, బండ్లనే సామాను తెప్పిచ్చుకుంటివా అన్నా?" అన్నారు. జనం ఘొల్లున నవ్వారు.

మా బావ ముఖం పొయ్యి మీది వంట గంజులా నల్లబడింది. "నాది గాదు," అన్నాడు. "ఎవలో నా పేరు వెట్టిండ్రు. వాపస్ కొట్టు."

నాకు గల్లాపెట్టె కనబడింది. దాని వెనక నేను. రా కాకా, ఏం గావాలె కాకా.

భుజం మీది తువ్వాలు తీశాను. మా బావ ముందు మోకాలు మీద కూర్చుని, ఆయన కుడి చేతి మీద కప్పాను. చుట్టూ ఉన్న పెద్ద వయసు రైతులు గమ్మున ముఖాలు తిప్పుకున్నారు. చేతుల మీద తువ్వాలు పడితే చూడకూడదు, అడగకూడదు. అది చూసి మిగతా వాళ్లూ ఆగారు.

తువ్వాలు కింద పీట ధర వేళ్ల మీద చెప్పాను. మా బావ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. వేళ్లు మాత్రం రైతు బిడ్డవి, వాటంతట అవే కదిలి నూరు తగ్గించి అడిగాయి. మళ్లీ అదే ధర నొక్కాను. ఆయన యాభై తగ్గించాడు. ఈసారి వేలు గట్టిగా తిప్పాను. మెల్లగా ఎడమ చేయి జేబులోకి పోయింది, నోట్లు తువ్వాలు కిందికి వచ్చాయి. కొమురెల్లి చేయి పట్టి లోపలికి లాగి వాటిని అందులో పెట్టాను. అతనికీ అంగడి తెలుసు కాబోలు, సంతకం కాగితం కూడా కిందికే తోశాడు. మా బావ చూడకుండా పెట్టిన మొదటి సంతకం అది.

తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాను.

"అయిపాయె బేరం," అంది చిలుకమ్మవ్వ. "ఇగ ఇప్పు కొడుకా, ఏ ఎద్దు గొన్నవో చూస్తం."

మళ్లీ నవ్వులు. ఈసారి మా బావ కూడా నవ్వక తప్పలేదు. డబ్బా చింపి, పీట విప్పి, కూర్చున్నాడు. నడుము నిలబడింది. లోపలి నుంచి "ఆ..." అని ఒక చప్పుడు వచ్చింది, అది నినాదం కాదు.

"గిట్ల గూసుంటె తెలంగాణ అచ్చేదాక లేవ!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కొమురెల్లి తన వ్యానుకు అడ్డంగా వేసిన ఆ పీట పక్కనే కూర్చుని పప్పన్నం తిన్నాడు.

మూడో రోజు పుష్పను నరేశ్ దగ్గరికి తీసుకుపోయాను. తొమ్మిదో లైను, పక్కన పీట బొమ్మ, ఎదురుగా చేరింది అని. ఎవరు కొన్నారో ఆ పేజీలో రాయరు.

దీపావళి నాడు కొత్త దుకాణంలో లక్ష్మీపూజ అయ్యాక పుష్ప మాట నిలబెట్టుకుంది. "ఆయిన రాడన్నా. నెట్ల సామాను అమ్మిండు. నేనే జూసిన, చేరింది."

మా బావ గల్లాపెట్టె వెనక మడత పీట మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. పకపకా నవ్వాడు.

"అమ్మిండా? గీ మూగోని తాన కొన్న పిచ్చోడెవడే?"

పుష్ప పీట వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను భుజం మీద తువ్వాలు సర్దుకున్నాను. ఆమె అంగడి దళారి కోడలు. ఏమీ అడగలేదు.